తాళాలదొర ఇంటికి వెళ్లడు

ఫిబ్రవరి 9

అక్కా,

నీ పిడుగుని. చేతిలో బ్రష్షు ఉంటే ముందు పక్కన పెట్టు. చదువుతూ చదువుతూ సిరా బొమ్మ మీద ఒలకబోసుకుని మళ్లీ నన్నే తిడతావు.

నిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంటే ఎడిటరు గారి ఉత్తరం వచ్చింది. అందులో ఒక చెడు, ఒక మంచి. చెడు ముందు చెప్పేస్తా. ఆదివారం పేజీలో మన తాళాలదొర బొమ్మల కథ జూన్‌తో ఆపేస్తారట. ముప్ఫై ఏళ్లయింది, చాలన్నాడు. ఆ జాగాలో ఆరోగ్య సలహాలు వేస్తారట. మీ మరదలు ఊరుకుంటుందా? "మీ దొర కంటే మోకాళ్ల నొప్పులకే పాఠకులెక్కువ లెండి" అంది.

ఇక మంచి. ఆపేముందు ఆరు వారాలు దొర పుట్టుక కథ వెయ్యమన్నాడు! ఇన్నేళ్లుగా జనం అడుగుతున్నది అదే కదా. ఎవరీ మనిషి, ముఖానికి ఆ గుడ్డేమిటి, నడుముకి అన్ని తాళంచెవులేమిటి, మూసిన తలుపు కనబడితే ఎందుకు ఆగలేడు, లోకంలో ఏ తలుపైనా తెరిచేవాడు తన ఇంటి తలుపు మాత్రం ఎందుకు తట్టడు అని. ఈ చివరిది నేను పెట్టిన నియమం. ఇరవై ఆరేళ్ల వయసులో రాశాను, ఇప్పటికీ నాకదే ముద్దు. మనం చెప్పలేదు కాబట్టి జనమే తలా ఒక పుట్టుక కట్టారు. ఒకాయన దొర రాజుగారి కొడుకన్నాడు. ఒకావిడ జైల్లోంచి పారిపోయినవాడంది. ఒక మాస్టారైతే దొర చనిపోయి వందేళ్లకి మళ్లీ లేచాడని పదహారు పేజీలు రాసి పంపాడు, పాపం.

మనిద్దరికీ తెలుసు కదా అక్కా, దొర ఎవరో. నాన్న కథ గీసెయ్. మిల్లు, మంటలు, అంతా. చివరి వారం బొమ్మ కింద నాన్న పేరు వేయిద్దాం. యాభై ఏళ్లు ఆలస్యమైనా పర్వాలేదు, ఆయన చేసిన పని నలుగురికీ తెలియాలి. నేను బతికుండగా చెయ్యాలనుకున్న పని ఇదొక్కటే.

పద్ధతి మామూలే. నువ్వు గీసి మాటల బుడగలు ఖాళీగా వదిలెయ్. నేను పలచ కాగితం మీద మాటలు రాసి, కత్తిరించి, అంటించి ఇక్కణ్ణుంచే ఆఫీసుకి పంపేస్తా.

నీ పిడుగు


ఫిబ్రవరి 18

ఒరేయ్ పిడుగూ,

కూర్చునే చదివాను. సిరా ఒలకలేదు.

కథ ఆగిపోతోందంటే బాధగానే ఉంది గానీ, నిజం చెప్పనా, కొంచెం ఊపిరి కూడా తీసుకున్నాను. బొటనవేలు సాయంత్రమయ్యేసరికి కట్టెలా బిగుసుకుపోతోంది. కింద కుట్టుమిషన్లవాడు కొత్త మిషను తెచ్చాడు, అది మొదలెడితే నా బల్ల వణుకుతుంది. ఈమధ్య దొర కోటు అంచులు వంకరగా వస్తే అది వాడి పుణ్యమే. నా ఒంటి కాపురానికి తోడు మూడో ఇంటి పిల్లి ఒకటి కిటికీలో మకాం పెట్టింది. నువ్వన్నట్టే ఉంటుంది, పిలవకుండా వచ్చి, తిని, అలిగి పోతుంది.

ఇక నువ్వడిగింది. వద్దురా. వీరుడి పుట్టుక చెప్పకూడదు. చెప్పామంటే వాడు మనలాంటి మామూలు మనిషైపోతాడు. జనం కట్టుకున్న కథలే బాగున్నాయి, మాస్టారి పదహారు పేజీలు గీసేద్దాం. లేదంటే తాళాలు చేసే ముసలాయనకి గుమ్మంలో దొరికిన పసివాడని చెబుదాం. పేరు వేయించడం మాత్రం అసలు వద్దు. పాత సంగతులు తవ్వుకుంటే ఎవరికి లాభం చెప్పు.

మరదలి ఆయాసం ఎలా ఉంది? చలిగాలికి తిరగొద్దను.

అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు నచ్చలేదు.

నాన్న మాట ఎత్తితే చాలు, పిల్లి గురించీ కుట్టుమిషను గురించీ మొదలెడతావు. అమ్మా అంతే, అడిగినప్పుడల్లా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. మీరిద్దరూ ఆయన్ని చూశారు. ఆయన గొంతు విన్నారు. నాకేమీ గుర్తులేదు. నాలుగేళ్లవాడికి ఏం గుర్తుంటుంది! నాకున్నదల్లా నువ్వు చెప్పిన కథే. మధ్యాహ్నం షిఫ్టులో నూలు మిల్లు అంటుకుంది. కాపలా ఉన్న నాన్న గేటు తెరిచాడు. పొగలో ముఖానికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లి ఆడవాళ్లని ఇద్దరిద్దరిగా బయటికి తెచ్చాడు. ఆఖరి మనిషి కోసం వెళ్లినప్పుడు కప్పు కూలింది. నువ్వు చెప్పిందే కదా ఇదంతా? ఒక్క మాటైనా నేను మర్చిపోయానా?

మీ మరదలు ఇంకో మాట అంది. చెప్పకూడదనుకున్నాను గానీ నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలిసిందే. "బొమ్మలు గీసింది మీ అక్క, వీరుణ్ణి కనిపెట్టింది తనే అని పేరుండాలి కదా, దొర మీ నాన్నే అంటే ఇక ఆవిడకేం మిగులుతుంది" అంది. నేను కోప్పడ్డాను. కానీ మనసులో ఆ మాట అలాగే ఉండిపోయింది.

అదే అయితే చెప్పు. మొదటి బొమ్మ మీద పెద్ద అక్షరాలతో నీ పేరే వేయిస్తాను. నాన్న పేరు చిన్నదిగా వేసినా చాలు.

తమ్ముడు


మార్చి 11

తమ్ముడూ,

నాకు పేరు పిచ్చి పట్టిందని నువ్వూ నీ పెళ్లామూ కలిసి తేల్చారన్నమాట. సంతోషం.

ఆరు వారాల బొమ్మలూ ఈ గొట్టంలో పెట్టి పంపుతున్నాను. పది రోజులు వేరే పని ముట్టుకోలేదు. నువ్వడిగిన కథే. నాన్న కథే. నోటితో చెప్పలేనివి గీశాను, కాగితం మీద రాయడమూ నా వల్ల కాలేదు.

ఒక్కో బొమ్మా నిదానంగా చూడు. తొందరపడి మాటలు నింపకు. చూశాక నాకు ఉత్తరం రాయి, ఆ తర్వాతే ఏదైనా. పక్కింటి ఫోనుకి మాత్రం చెయ్యొద్దు, ఆవిడ రెండో చెవి కూడా అప్పు తెచ్చుకుని వింటుంది.

అక్క


మార్చి 20

అక్కా! నా బంగారు అక్కా!

నన్ను కొట్టు. చెప్పు తీసుకుని కొట్టు. పేరు పిచ్చి అన్నానే, నా నోరు పడిపోనూ. ముప్ఫై ఏళ్లలో ఇంత గొప్పగా ఎప్పుడూ గీయలేదు నువ్వు. ఆ మంటలు చూసి మీ మరదలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీదుగా పైకి లేచిన ఆ చేతులు చూసి నేను లేచి వీధిలోకి వెళ్లిపోయాను.

ఆగలేకపోయాను. రెండు రోజులు ప్రెస్సుకి సెలవు పెట్టి మాటలన్నీ అంటించేసి నిన్ననే ఆఫీసుకి పంపేశాను. ఏప్రిల్ ఆఖరి ఆదివారం మొదటిది పడుతుంది. నాలుగో వారంలో నాన్న మంటలకి వీపు పెట్టి వంతెన మీద పరిగెత్తుతున్నాడు చూడు, అక్కడ కొంచెంసేపు తికమకపడ్డాను. తర్వాత తట్టింది, సాయం పిలవడానికి వెళ్తున్నాడని. "అందరూ రండి! లోపల మనుషులున్నారు!" అని అరుస్తున్నట్టు రాశాను. ఎలా ఉంది?

ఇంకో చిన్న సంగతి, ఏమీ అనుకోకు. మూడో వారంలో గేటుకి తాళం వేసి ఉన్నట్టు పడింది. కుట్టుమిషను వణుకుడో, నీ బొటనవేలి నొప్పో. గేటు తెరిచిందే నాన్న కదా, తాళం ఉంటే కథే తలకిందులైపోతుంది. అందుకని ఒక పెద్ద బుడగ కత్తిరించి సరిగ్గా తాళం మీద అంటించాను. అస్సలు కనబడదు. "వెనక్కి జరగండి, తలుపు తెరుస్తున్నా" అని దొర మాటే నాన్న నోట పెట్టాను.

చివరి బొమ్మ కింద నాన్న పేరు, మిల్లు పేరు, ఊరు పేరు, అన్నీ రాసేశాను.

నీ పిడుగు


మార్చి 27

తమ్ముడూ,

ఆ బొమ్మలు వెనక్కి తెప్పించు. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే ఆఫీసుకి తంతి కొట్టు, తర్వాత చదువు.

నా చెయ్యి వణకలేదురా. గేటుకి తాళం ఉంది. నేను గీసింది అదే.

మిల్లు యజమాని షిఫ్టు నడుస్తుంటే గేటుకి తాళం వేయించేవాడు, ఆడవాళ్లు మధ్యలో ఇంటికి పోకుండా. తాళంచెవి నాన్న దగ్గరుండేది. మంటలు లేచాయి. నాన్న భయపడ్డాడు. భయపడి పరిగెత్తాడు. "కాళ్లు వాటంతటవే పోయాయమ్మా. వంతెన దాటాక తడుముకుంటే తాళంచెవి నా జేబులోనే ఉంది. వెనక్కి తిరిగేసరికి మిల్లు లేదు" అన్నాడు. లోపల పదకొండు మంది ఆడవాళ్లు కాలిపోయారు. గోడ దూకి బయటపడిన ఇద్దరు చెప్పబట్టి నాన్న పారిపోయాడని ఊరందరికీ తెలిసింది. యజమాని మాత్రం కాపలావాడూ లోపలే కాలిపోయాడని పోలీసు కాగితాల్లో రాయించాడు. తాళం వేయమన్నదెవరని ఎవరూ అడక్కుండా ఉండాలి కదా. అమ్మ మనిద్దర్నీ తీసుకుని ఊరు మారిపోయింది అందుకే. తల్లి పోయిన పిల్లల్ని వీధిలో రోజూ చూడలేకపోయింది.

నువ్వేమో కొత్తింటి గుమ్మంలో కూర్చుని నాన్న ఎప్పుడొస్తాడని పొద్దస్తమానం అడిగేవాడివి. అన్నం తినేవాడివి కాదు. నాకు పదమూడేళ్లు. నోటికొచ్చింది చెప్పాను. నాన్న గేటు తెరిచాడన్నాను. నువ్వు ఒక ముద్ద తిన్నావు. ముఖానికి గుడ్డ కట్టుకున్నాడన్నాను. ఇంకో ముద్ద తిన్నావు. రోజుకో ముక్క కలుపుతూ పోయాను. అమ్మ వింటూ ఉండేది, ఒక్కనాడూ కాదనలేదు. తాళాలదొర పుట్టుక అంటే అదేరా, నీకు అన్నం తినిపించడానికి ఆడిన అబద్ధం. నువ్వు పెద్దయ్యాక దాన్నే బొమ్మల కథ చేద్దామన్నావు. కాదని ఎలా అంటాను? దొర ముఖం ఎందుకు చూపించరని అందరూ అడిగేవారు. నాన్న ముఖం గీయడానికి నాకు చెయ్యి రాలేదు, అంతే.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. కానీ ఆయన పేరు వీరుడని పేపర్లో పడితే, చనిపోయిన ఆ పదకొండు మంది కన్న పిల్లలు చదువుతారు. వాళ్లకీ నీ వయసే ఉంటుంది. వాళ్లకా అన్యాయం చెయ్యలేను. నిన్ను ఏడిపించినా సరే.

అక్క


ఏప్రిల్ 3

అక్కా,

తంతి ఇచ్చాను. బొమ్మలు ఆపారు.

నీ ఉత్తరంలో ఒక చోట నాన్న నీతో అన్న మాటలు రాశావు. వంతెన దాటాక తడుముకున్నానని.

ఎప్పుడన్నాడు?


ఏప్రిల్ 10

తమ్ముడూ,

రాస్తుంటేనే అనుకున్నాను నువ్వు పట్టుకుంటావని. ప్రూఫులు దిద్దే కళ్లు కదా.

నాన్న బతికే ఉన్నాడు. తొమ్మిదేళ్ల కిందటి దాకా. నీ ఊరికి రెండు గంటల బస్సు ప్రయాణం, అంతే. గొడుగులు బాగుచేసుకుంటూ ఒక గదిలో ఉండేవాడు.

దొర కథ మొదలైన రెండో ఏడు పేపరాఫీసుకి నా పేర ఒక కార్డు వచ్చింది. "బొమ్మలో కోటు మోచేతి అతుకు మీ అమ్మ వేసిందే. నువ్వు నా కూతురివేనా?" అని ఉంది. వెళ్లాను. గుర్తుపట్టలేకపోయాను, అంత చిక్కిపోయాడు. మొదట తిట్టాను, చాలా తిట్టాను. తర్వాత నెలకోసారి వెళ్లాను, పంతొమ్మిదేళ్లు. సిరా కొనడానికి వెళ్తున్నానని నీకు రాసేదాన్ని. అంత సిరా ఎవరు వాడతారురా? నువ్వెప్పుడూ అడగలేదు.

నీ దగ్గరికి వస్తానన్నాడు. నిజం చెప్పి కాళ్ల మీద పడతానన్నాడు. కొడుకు కాళ్ల మీద పడతానన్నాడురా ఆయన. కొత్త చొక్కా కొనుక్కున్నాడు. ఒక ఆదివారం నేను వెళ్లి తీసుకురావాలని అనుకున్నాం. సరిగ్గా ఆ ఆదివారమే నువ్వు రాసిన నియమం పేపర్లో పడింది. "ఏ తలుపైనా తెరుస్తాను. నా ఇంటి తలుపు మాత్రం నాకు లేదు." నేను వెళ్లేసరికి ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "వాడికి తెలిసిపోయిందమ్మా. రావద్దని చెప్తున్నాడు. వాడి మాట సబబే" అన్నాడు.

నువ్వు కథ రక్తి కట్టడానికి రాశావు. నాకు తెలుసు. వాడికేమీ తెలియదు నాన్నా, అది ఉత్త కథ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ రోజుకి నువ్వు నన్ను తల్లిలా చూస్తున్నావు. నాన్న వస్తే నేను అబద్ధాలకోరునని తేలిపోతుంది. ఆ భయంతో నోరు మూసుకున్నాను. ఆయన మిల్లు దగ్గర చేసిన పనే నేనూ చేశాను.

తొమ్మిదేళ్ల కిందట జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. అది మీ అమ్మాయి పెళ్లి వారం. రెండు రోజులు ఆలస్యంగా వచ్చానని అలిగి నాతో మాట్లాడలేదు నువ్వు. ఆయన్ని దహనం చేసి, తలస్నానం చేసి, అక్కణ్ణుంచే పెళ్లికి వచ్చాను.

ఏమన్నా పడతాను. రాయి.

అక్క


మే 22

ఒరేయ్ తమ్ముడూ,

నలభై రోజులు దాటింది. పోస్టుమన్ను మెట్ల దగ్గరే చెయ్యి అడ్డంగా ఊపేస్తున్నాడు, పైకి కూడా రావట్లేదు. మరదలికి రాశాను, తనూ పలకలేదు.

తిట్టు రాయరా. పేజీ నిండా తిట్లే రాయి. ముప్ఫై ఏళ్లుగా నేను గీసిందల్లా నీ మాటల కోసం ఖాళీ వదిలి గీశాను. ఈ ఖాళీ మాత్రం భరించలేకపోతున్నాను.

అక్క


జూన్ 14

అక్కా,

నీ ఉత్తరాలన్నీ చేరాయి. మీ మరదల్ని నేనే రాయొద్దన్నాను. తను ఏడ్చింది, నాతో పోట్లాడింది, నీ తరఫునే.

బొమ్మల సంగతి ముందు. ఆఫీసుకి వెళ్లి నా మాటలన్నీ ఊడబెరికాను. వేడినీళ్లలో గుడ్డ ముంచి ఒక్కొక్కటీ తడిపి తీశాను. తాళం మీద అంటించింది ఆఖర్న ఊడింది. కాగితం కాస్త గీసుకుపోయింది గానీ తాళం స్పష్టంగానే ఉంది. మాటల్లేకుండా, ఏ పేరూ లేకుండా వెయ్యమన్నాను. ఎడిటరు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. నువ్వు చూసే ఉంటావు, అలాగే వేస్తున్నాడు. దొర పారిపోవడమేమిటని జనం తిడుతూ రాస్తున్నారు. ఒక్క కార్డు మాత్రం వేరేగా ఉంది. "మా అమ్మ పనిచేసిన మిల్లు గేటు ఇలాగే ఉండేది. గీసినవారెవరో గానీ ఉన్నదున్నట్టు గీశారు" అని. చిరునామా లేదు. దాచాను, నీకిస్తాను.

నిన్ను క్షమించానా అంటే, ఏమోనే, తెలియదు. కోపం చాలా ఉంది. నాకు వీరుడెందుకక్కా? భయపడి పారిపోయిన నాన్నైనా సరే, గొడుగులు కుట్టుకునే నాన్నైనా సరే, ఉన్నాడంటే బస్సెక్కి పోయేవాణ్ణి కాదూ? వెళ్లి ఆయన్ని తిట్టుకునేవాణ్ణేమో, కాళ్లు పట్టుకుని ఏడ్చేవాణ్ణేమో, ఏదో ఒకటి చేసేవాణ్ణి. అదీ లేకుండా చేశావు. ఇంకో పక్క, ఆ నియమం రాసిన చెయ్యి నాదే. దాన్ని ముద్దుగా చెప్పుకుంటూ తిరిగాను ఇన్నేళ్లూ. ఎవర్ని ఎంత తిట్టాలో లెక్క తేలడం లేదు.

నువ్వు సిరా కొంటానని రాసే ఆ ఊరు మొన్న వెళ్లాను. వీధి పేరు నువ్వు రాయలేదు. గొడుగులు బాగుచేసే ముసలాయన ఉండేవాడట అని నలుగుర్ని అడిగితే దొరికింది. గది ఇప్పుడెవరికో అద్దెకిచ్చారు. పక్కన క్షౌరశాల ఉంది. గుమ్మంలో నిలబడి, "ఇక్కడ గొడుగుల ఆయన..." అని మొదలెట్టానో లేదో, కత్తెర పట్టుకున్నాయన నా ముఖంలోకి తేరిపార చూసి, "మీరు మాటలబ్బాయి కదూ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "బొమ్మలు కూతురు, మాటలు కొడుకు అని చెప్పేవాడు మీ నాన్న. ప్రతి ఆదివారం ఇక్కడే కూర్చుని గట్టిగా చదివి వినిపించేవాడు. బొమ్మలు చూపించేవాడే కాదు, మాటలు మాత్రం చదివేవాడు" అన్నాడు. గొలుసు లాగినట్టు ఒకరి వెనక ఒకరు వచ్చేశారు. కాఫీ కొట్టావిడ మీ మరదలి ఆయాసం తగ్గిందా అని అడిగింది. చెప్పులు కుట్టే ఆయన మీ అమ్మాయికి పిల్లలెంతమంది అన్నాడు. అన్నీ నువ్వు చెప్పినవేగా, నెలనెలా నువ్వు మోసుకెళ్లిన కబుర్లేగా. రాలేదేమని ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. "పాపం మీకు పనెక్కువట కదా, వచ్చే నెల వస్తాడు, వచ్చే నెల వస్తాడు అంటుండేవాడు" అన్నారు.

ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాను. తిడతాను, ముందే చెప్తున్నా. తలుపు తీసే ఉంచు.

ఆ వీధిలో ప్రతి మనిషికీ నేను తెలుసక్కా. నేనే వాళ్లని కూర్చోబెట్టి అడగాల్సి వచ్చింది, మా నాన్న ఎలా ఉండేవాడు అని.

తమ్ముడు